టైపమ్మ రాసిన తొంభై సెకన్లు

పదకొండేళ్ల పాటు ఆమె రాసినదంతా ఒక సోమవారం పొద్దున్నకల్లా ఆమెది కాకుండా పోయింది. దొంగతనం జరిగినట్టు ఎక్కడా ఆనవాలు లేదు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం తగ్గలేదు, ఒక్క చుక్క చెదరలేదు. పోయింది పేరు ఒక్కటే.

ప్రోగ్రాములు రాసేవాళ్లు తాము రాసినదాన్ని ఒక ఖజానాలో దాస్తారు. ఆ ఖజానాకు ఒక మంచి గుణం ఉంది. ఏ లైను మీద వేలు పెట్టి అడిగినా మూడు సంగతులు చెబుతుంది: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు. ఆఫీసులో చాలామందికి అది తప్పు జరిగినప్పుడు ఎవరి మెడకు చుట్టాలో చూసుకునే సాధనం. టైపమ్మకు మాత్రం పొద్దున్నే చదువుకునే పేపరు. రోజూ కుర్చీలో కూర్చోగానే ఏదో ఒక పాత ఫైలు తెరిచి, పక్కన ఆ మూడు సంగతులూ పెట్టుకుని పావుగంట చదివేది. అయిదేళ్ల కిందట ఒక పని ఎందుకు చేసిందో ఇప్పుడు తనకే అర్థం కాకపోతే, ఆ రోజు అలా రాయడం తప్పని తన తప్పుల పుస్తకంలో ఎక్కించుకునేది.

ఆ సోమవారమూ అలాగే తెరిచింది. మొదటి లైను పక్కన అల్లుడుగారి పేరు. రెండో లైను పక్కనా అదే పేరు. కిందికి వెళ్లింది, ఇంకా కిందికి వెళ్లింది. నలభైవేల లైన్లు. అన్నిటికీ ఒకటే పేరు, ఒకటే తేదీ, నిన్నటి ఆదివారం. ఎందుకు రాశారు అన్నచోట రెండే మాటలు: మొదటి ప్రతి.

పక్క కుర్చీలో ఉన్నవాణ్ణి ఆఫీసులో శనిగాడు అంటారు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం అతని ఉద్యోగం. అతను ముట్టుకున్నదల్లా కూలిపోతుందని ఆ పేరు పెట్టారు. అతనూ ఆ పేరుకు అలవాటు పడి, ఫోను ఎత్తితే తనే అలా చెప్పుకునేవాడు. అతను మెడ చాచి ఆమె తెర వైపు చూశాడు.

"ఒక్క ఆదివారంలో నలభైవేల లైన్లా అక్కా? అవి వేళ్లా, కోత మిషనా?"

ఆమె నవ్వలేదు. నీళ్ల సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, మూత బిగించింది.

"పేరు పోతే పోయింది," అంది. "ఎందుకు అన్నది పోయింది, చూశావా."

అప్పటికి అతనికి అర్థం కాలేదు. ఆ నలభైవేల లైన్లలో ఒకటి ఆమె తమ్ముడి ప్రాణమని ఆ గదిలో తెలిసినది ఆమె ఒక్కదానికే.

అల్లుడుగారు అంటే యజమాని అల్లుడు. ఎదురుగా సార్, వెనకాల అల్లుడుగారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తాడంటారు. ఇతను మామగారి ఆఫీసులో ఇతరుల చెమట దానం చేసేవాడు, అదీ తన పేరు మీద. కంపెనీకి ఉన్న ఒకే ఒక్క పెద్ద పని ఊరి నీళ్ల శాఖది. ఏటి నీళ్లను గుట్ట మీది ట్యాంకుకు ఎక్కించే మూడు పంపుల్ని నడిపే ప్రోగ్రాం అది. ఊళ్లో సగం కుళాయిలు దాని మీదే బతుకుతున్నాయి. ఆ పని ఇంకో అయిదేళ్లకు తమకే ఇవ్వాలంటే నీళ్ల శాఖ కమిటీ వచ్చి అన్నీ చూస్తుంది. కంపెనీ ఇచ్చిన కాగితంలో, ఈ ప్రోగ్రాం రాసినవాళ్లందరూ ఇంజనీరింగు డిగ్రీలున్నవాళ్లే అని రాసి ఉంది. ఖజానా తెరిస్తే ముప్పాతిక లైన్ల పక్కన డిగ్రీ లేని మాజీ టైపిస్టు పేరు. కాగితాన్ని మార్చడం కుదరదు కాబట్టి అల్లుడుగారు ఖజానానే మార్చాడు. కొత్తది తెరిచి, అంతా ఒకేసారి అందులోకి కుమ్మరించి, పాతదాన్ని తుడిచేయించాడు. కొత్త కంప్యూటర్లు ఇస్తామని అందరి పాతవీ అంతకుముందు శనివారమే పట్టుకుపోయారు. ఎవరి దగ్గరా నకలు మిగల్లేదు.

టైపమ్మ ఆ కంపెనీలో మొదటి రోజుల మనిషి. ఇప్పుడు అద్దాల గది ఉన్నచోట అప్పుడు ఆరు మెషిన్లుండేవి. ఊరి నీళ్ల మీటర్ల లెక్కల్ని ఆరుగురు ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టేవారు. తక్కిన అయిదుగురూ పెళ్లిళ్లయి ఒకరు, విసుగుపుట్టి ఒకరు, ఇలా జారుకున్నారు. ఈమె ఉండిపోయింది. ఇంట్లో అమ్మానాన్నల తరవాత తనూ తమ్ముడే. వాడికి పద్నాలుగేళ్లప్పుడు అక్కను టైపు క్లాసుకు సైకిలు మీద దింపి వస్తుంటే లారీ తగిలింది. మోకాలు అతికింది గాని వంగడం మానేసింది. వాడు దాని గురించి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తనివాళ్ల అప్పే తీరదని ఆమె ఒకసారి శనిగాడితో అంది.

ప్రోగ్రాం రాయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కంపెనీ ముగ్గురు కొత్త ఇంజనీర్లకు క్లాసులు పెట్టించి, హాజరు వేయడానికీ లైట్లు ఆర్పి వెలిగించడానికీ ఈమెను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి ముగ్గురిలో ఇద్దరు వేరే ఉద్యోగాలకు పోయారు. హాజరు వేసిన మనిషికి పాఠమంతా వచ్చింది.

ఆమె సాధనల గురించి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, అంత చిన్నవి. ఆఫీసు మొదలవడానికి అరగంట ముందు వచ్చి, ఒక చిన్న ప్రోగ్రాంను పుస్తకంలో చూసి కొట్టేది. మర్నాడు పుస్తకం మూసి అదే మళ్లీ కొట్టేది. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ తనకు రాదన్నమాట. చూడకుండా రాయగలిగిందే నాది, మిగతాదంతా పుస్తకానిది అనేది. వారానికి ఒక మీటల జత నేర్చుకునేది. రాసే సాఫ్ట్‌వేరులో ఏ పనికి ఏ రెండు మీటలు కలిపి నొక్కాలో ఒక కాగితం ముక్క మీద రాసి తెర కింద అంటించేది. వేలికి వచ్చేశాక ముక్క చింపేసేది. పదకొండేళ్లలో ఎన్ని ముక్కలు చింపిందో గాని, ఆమె పని చేస్తుంటే మౌసు మీద చెయ్యి వేయడం ఎవరూ చూడలేదు.

ఇంకొకటి, వంటింట్లో వాడే పసుప్పచ్చ టైమరు. మెలితిప్పితే టిక్కుటిక్కుమని తిరిగి చివర్లో గంట కొట్టేది. తప్పు వెతకడం మొదలుపెట్టేముందు దాన్ని ఇరవై నిమిషాలకు తిప్పేది. గంట కొట్టేలోపు దొరక్కపోతే లేచి, సమస్య ఏమిటో ఎవరికైనా పైకి చెప్పాలి. ఎవరూ లేకపోతే ఖాళీ కుర్చీకి చెప్పాలి. "కుర్చీకి చెప్పినా సగం తప్పులు దొరుకుతాయి. మిగతా సగానికే మనిషి కావాలి," అనేది.

శనిగాడు మొదట్లో ఇవన్నీ ముసలమ్మ చాదస్తాలనుకున్నాడు. అతను డిగ్రీ ఉన్నవాడు. ప్రోగ్రాం నడవకపోతే నాలుగుచోట్ల నాలుగు మార్పులు చేసి, నడిస్తే చేతులు దులుపుకునే రకం. ఒకరోజు అలా దులుపుకుంటుంటే ఆమె అడిగింది, నాలుగింటిలో ఏది పనిచేసిందని. మిగతా మూడూ ఎందుకు ఉంచావని అడిగింది. ఒక్కటి మార్చు, చూడు, మళ్లీ ఒక్కటి మార్చు అని చెప్పి తన పనిలో పడింది. తిట్టి ఉంటే అతను మర్చిపోయేవాడే. తిట్టలేదు కాబట్టి ఆ రాత్రి అన్నం సహించలేదు.

తరవాత మెల్లగా మనిషి మారాడు. పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పెట్టి తేడా చూపించే సాధనాన్ని, తన పని ఇంకొకరికి ఇచ్చేముందు తన మీదే ప్రయోగించుకోవడం నేర్చాడు. ఒకసారి ముగ్గురు వారం రోజులు వెతికిన తప్పును అతను అరగంటలో పట్టాడు. ఖజానాలో ఆర్నెల్ల కిందటి ప్రతి బాగుంది, ఇవాళ్టిది బాగాలేదు. మధ్యలో మూడువందల మార్పులు. సరిగ్గా నడిమిది తీసి చూశాడు. బాగుంది. అయితే తప్పు తరవాతి సగంలో ఉంది. మళ్లీ దాని నడుము విరిచాడు. తొమ్మిదిసార్లు విరిచేసరికి తప్పు ఒంటరిగా చేతికి చిక్కింది. తను పనికిరానివాడు కాదని బతుకులో మొదటిసారి అనిపించింది ఆ రోజే. దాన్ని ఇచ్చింది టైపమ్మ, ఆమె ఏళ్ల తరబడి ఓపిగ్గా రాస్తూ వచ్చిన ఆ ఎందుకులు.

రోజూ సాయంత్రం సంచీ భుజాన వేసుకుంటూ ఆమె ఒకటే అడిగేది: "ఇవాళ్టి తప్పేంటి? ఒక్క లైనులో చెప్పు." రెండో లైను మొదలుపెట్టాడంటే సాకు చెబుతున్నాడన్నమాట. అతనూ ఒక పుస్తకం కొనుక్కుని రాయడం మొదలుపెట్టాడు.

తొంభై సెకన్ల సంగతి ఆమె అతనికి చెప్పింది ఆ సోమవారం మధ్యాహ్నం, మెట్ల దగ్గర నిలబడి.

ఆమె తమ్ముడు ఏటి ఒడ్డున పంపుహౌసులో పనిచేస్తాడు. మూడు పంపుల్లో మొదటి రెండింటికీ కొత్త గేట్లున్నాయి. గొట్టం మూసుకోగానే 'మూసుకున్నాను' అని అవే ప్రోగ్రాంకు కబురు చెబుతాయి. మూడోది పాతకాలం ఇనప గేటు, దానికి నోరు లేదు. పంపు ఆపాలంటే ముందు గేటు మూసుకోవాలి, తరవాతే పంపు ఆగాలి. వరస తప్పితే గుట్ట మీదికి ఎక్కిన నీళ్లన్నీ గొట్టంలో వెనక్కి తన్నుకొస్తాయి. ఆ దెబ్బకు గొట్టం ఎక్కడ పగులుతుందో చెప్పనక్కర్లేదు, అన్నిటికంటే పాత ఇనుము ఎక్కడుంటే అక్కడ. ఆ గేటు చివరి మూడు చుట్లూ మోటారుకు లొంగవు. చక్రం పట్టుకుని చేత్తో బిగించాలి. కాబట్టి ఆపుతున్నట్టు గంట మోగగానే ఒక మనిషి వెళ్లి దాని పక్కన నిలబడతాడు. ఆ మనిషి ఆమె తమ్ముడు.

ఆరేళ్ల కిందట ఆమె పంపుహౌసుకు వెళ్లి, చేతిగడియారం సెకన్ల ముల్లు చూసుకుంటూ రోజంతా కూర్చుంది. గేటు ఒకసారి డెబ్బైఆరు సెకన్లకు మూసుకుంది, ఒకసారి ఎనభై ఒకటికి. ఆమె ప్రోగ్రాంలో తొంభై సెకన్ల ఆగుడు పెట్టింది. ఆ లైను పక్కనే ఎందుకో రాసింది. కొన్నాళ్లకు అల్లుడుగారు ఎక్కడో విని వచ్చాడు, మంచి ప్రోగ్రాంకు వివరణలు అక్కర్లేదట, వివరణ అవసరమైందంటే రాసినవాడికి చేతకానట్టేనట. ఒక సాధనం పెట్టి ప్రోగ్రాంలోని వివరణలన్నీ ఊడ్చేయించాడు. సరే, ఖజానాలో ఎలాగూ ఉందిలే అనుకుంది టైపమ్మ. పదకొండేళ్ల తప్పుల పుస్తకంలో ఎక్కని తప్పు అదొక్కటే. ఎవరూ చెరపరని నమ్మడం.

"ఇప్పుడా లైను చూస్తే నీకేం కనిపిస్తుంది?" అని అడిగింది.

శనిగాడు వెళ్లి చూసి వచ్చాడు. తొంభై సెకన్లు ఊరికే ఆగమని ఒక లైను. కారణం లేదు. పక్కన అల్లుడుగారి పేరు.

"తీసెయ్యాలనిపిస్తుందక్కా," అన్నాడు.

కమిటీ వచ్చింది. దానికి పెద్ద, నీళ్ల ఇంజనీరు. నెల కిందటి దాకా రోడ్ల శాఖలో ఉండి బదిలీ మీద వచ్చినవాడు. ఉత్తుత్తి పంపుహౌసు ఒకటి తెర మీద పెట్టి చూపించారు. ఇంజనీరు మూడో పంపు దగ్గర 'ఆపు' నొక్కాడు. 'ఆగుతోంది' అని వచ్చి అలాగే ఉండిపోయింది. అరనిమిషం గడిచింది. అందరూ గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టారు. కమిటీలో ఒకాయన, మా ఆవిడ పెళ్లికి తయారవుతున్నట్టుందండీ మీ పంపు అన్నాడు. అందరూ నవ్వారు. అల్లుడుగారూ నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ మధ్యాహ్నమే అతను ఆ లైను వెతికి పట్టుకుని, తొంభైని పది చేశాడు.

టైపమ్మ అతని గదికి వెళ్లింది. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి బయట వరసలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించింది. శనిగాడు తల వంచుకుని కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నట్టు నటించాడు.

"మూడో గేటు మూసుకోవడానికి ఎనభై సెకన్లు పడుతుంది సార్," అందామె.

"ఎక్కడ రాసుంది?"

"ఆ లైను పక్కనే రాశాను. మీరు తీయించారు. ఖజానాలో రాశాను. అదీ మీరే తుడిపించారు."

"అంటే ఎక్కడా రాసిలేదనేగా. చూడమ్మా, ఆ లైను నా పేరు మీదుంది. ఏదైనా అయితే నా మెడకే చుట్టుకుంటుంది. కందకు లేని దురద నీకెందుకు?"

"పేరు మీదే సార్," అంది టైపమ్మ. "గేటుకి చదువు రాదు."

బయట ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. ఆపుకోలేకపోయి ఉంటే బాగుండేదేమో.

కొత్త మార్పు పంపుహౌసుకు పోవాలంటే పరీక్షించినవాడి సంతకం కావాలి. ఆ సంతకం శనిగాడిది. అతను మూడో పంపును ఉత్తుత్తి పంపుహౌసులో పదిహేనుసార్లు ఆపి చూశాడు. పదిహేనుసార్లూ ఆకుపచ్చ దీపం వచ్చింది. టైపమ్మ వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"నీ ఉత్తుత్తి గేటు ఎన్ని సెకన్లకు మూసుకుంటోంది?"

అతను చూశాడు. ఎవరో ఎప్పుడో ఏదో ఒకటి పెట్టాలి కదా అని పెట్టిన అంకె. "రెండు."

"మరి నువ్వు పరీక్షించింది దేన్ని?"

జవాబు అతనికి తెలుసు, ఆమె నేర్పిందే. ఒక్కటి మార్చాలి, రెండు తీసి ఎనభై పెట్టాలి, మళ్లీ నొక్కాలి. దీపం ఎర్రగా వస్తుంది. ఎర్రగా వస్తే కాగితం ఆగుతుంది. కాగితం ఆగితే దాన్ని ఆపినవాడి పేరు అల్లుడుగారి బల్ల మీదికి వెళుతుంది. అంతకుముందు నెలలోనే అలా ఇద్దర్ని ఇంటికి పంపారు. భోజనాల వేళ లోపు సంతకం కావాలని తెర మూల మీద కబురు మెరుస్తూ ఉంది. అతను ఆ రెండును ముట్టుకోలేదు. ఆకుపచ్చగా వచ్చాక నేను చేసేదేముంది అనుకుని సంతకం పెట్టాడు. అలా అనుకోవడానికి మనిషికి డిగ్రీ చాలా పనికొస్తుంది.

ఆ మరుసటి వారం, కంపెనీలో ఇకమీద డిగ్రీ ఉన్నవాళ్లనే ఉంచుతారని టైపమ్మకు కాగితం ఇచ్చారు. ఆమె టైమరు సంచీలో వేసుకుంది. తెర కింద ఇంకా చింపని కాగితం ముక్క ఒకటుంటే జాగ్రత్తగా గోటితో లేపి తీసింది. తన తప్పుల పుస్తకాలు నాలుగూ శనిగాడి బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రం ఇవాళ్టి తప్పేంటని అడగలేదు. అడుగుతుందేమోనని అతను నీళ్ల గదిలో పావుగంట నిలబడ్డాడు.

ఆమె ఊరుకోలేదు. నీళ్ల ఇంజనీరుకు ఉత్తరం రాసింది. గేటు సంగతి, ఎనభై సెకన్ల సంగతి, ప్రోగ్రాంలో ఏ ఫైలులో ఏ లైనో అన్నీ రాసింది. ఇంజనీరు చెడ్డవాడు కాదు. ఉత్తరం పట్టుకుని స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. అల్లుడుగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఖజానా తెరిపించి చూపించాడు. ఆ లైను ఎవరు రాశారు? అల్లుడుగారు. ఎప్పుడు? ఫలానా ఆదివారం. పక్క లైను? అదే. ఉత్తరం రాసిన మనిషి ఈ ప్రోగ్రాంలో ఒక్క లైను రాసినట్టు ఎక్కడా లేదు. పాపం టైపిస్టుగా చేసేది, పని పోయిన బాధలో ఉంది అన్నాడు.

ఇంజనీరు శనిగాడి వైపు తిరిగాడు. "పరీక్షించింది మీరే కదా. ఆవిడ రాసిందా దీన్ని?"

అల్లుడుగారు అతని వైపు చూడను కూడా లేదు, కాగితాలు సర్దుకుంటున్నాడు.

"రికార్డులో అలా లేదండి," అన్నాడు శనిగాడు.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఇంజనీరు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

తరవాత ఆర్నెల్లు ఏమీ జరగలేదు. ఏరు నిండుగా ఉన్నన్నాళ్లూ మొదటి రెండు పంపులే నడుస్తాయి. పంపులు చెప్పినమాట చెప్పినట్టు చటుక్కున ఆగుతున్నాయని నీళ్ల శాఖ మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. అల్లుడుగారు దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. మూడో పంపు గొట్టం ఏట్లో అన్నిటికంటే లోతుకు దిగి ఉంటుంది. దానికి పని పడేది ఏరు తగ్గాకే.

శనిగాడు రోజూ బస్సులో వంతెన దాటేటప్పుడు కిటికీ పక్కన సీటు కోసం తోసుకోవడం మొదలుపెట్టాడు. వంతెన స్తంభం మీద నీటిమట్టం గీతలుంటాయి. ఏడో గీత బయటపడితే మూడో పంపు మొదలు. మొదట్లో రెండు గీతలే కనిపించేవి. ఎండలు ముదిరాక మూడు కనిపించాయి. ఒకరోజు బస్సులో ఎవరో, ఈయేడు ఏరు తొందరగా ఎండేలా ఉందే అన్నారు. అతను దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టాపులు పోయాడు.

ఆ వారమే అతను ఉత్తుత్తి గేటులో రెండును ఎనభై చేసి నొక్కాడు. దీపం ఎర్రగా వచ్చింది. పదిని మళ్లీ తొంభై చేయాలని, ఎందుకు చేయాలో కూడా వివరంగా రాసి పైకి పంపాడు. పైకి అంటే అల్లుడుగారికి. 'పరిశీలనలో' అని జవాబు వచ్చింది. మర్నాడు చూశాడు, పరిశీలనలో. వారం తరవాత చూశాడు. మూడు వారాల తరవాతా పరిశీలనలోనే ఉంది. తప్పు ఒప్పుకుంటే ఆ లైను పక్కన ఉన్న పేరు ఎవరిదో అల్లుడుగారికి బాగా తెలుసు. ఒకసారి వరండాలో ఎదురుపడితే శనిగాడు ఆ మాట ఎత్తాడు. అల్లుడుగారు భుజం తట్టి, నువ్వు సంతకం పెట్టిందే కదయ్యా అన్నాడు.

చివరికి ఒక ఆదివారం పంపుహౌసుకే బయలుదేరాడు. వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఆరో గీత పొడిగా ఉంది. ఏడోది తడితో మెరుస్తోంది.

పంపుహౌసు ఒక పొడుగాటి ఇటుకల గది. లోపల రెండు పంపుల హోరు, నేలంతా సన్నటి వణుకు. అవతలి చివర మూడో పంపు రంగు వెలిసి మౌనంగా ఉంది. దాని గేటు చక్రం మనిషి ఛాతీ అంత ఉంది. ఈ చివర తలుపు. టైపమ్మ తలుపు పక్కన బల్ల దగ్గర కూర్చుని, మీటర్ల లెక్కలు చూసి పెద్ద పుస్తకంలో చేత్తో రాస్తోంది. రోజుకూలీ మీద చేరి రెండు నెలలైందట. ఇరవైయేళ్ల కిందట ఏ అంకెలు టైపు కొట్టిందో అవే అంకెలు.

తమ్ముడు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. నవ్వు మొహం మనిషి. శనిగాణ్ణి చూసి, ఏం బాబూ, నువ్వు ముట్టుకుంటే కూలిపోతాయట కదా, దూరంగా నిలబడు అని వేళాకోళమాడాడు. అక్క అన్నీ చెప్పిందన్నాడు. చక్రం వదిలి పారిపొమ్మంటోంది, వదిలితే పని ఉంటుందా, ఈ కాలు చూసి ఇంకెవడు పెట్టుకుంటాడు అన్నాడు. పెద్ద ఇంజనీరుగారు పరీక్ష చేయించి కాగితం అంటించి వెళ్లారని గోడ వైపు చూపించాడు. ఆ కాగితం కింద శనిగాడి సంతకం నకలు ఉంది.

"అయినా మా అక్క రాసిన ప్రోగ్రాం," అన్నాడు తమ్ముడు. "ఎవడో ఒక అంకె మారిస్తే నన్నెక్కడ చంపుతుంది?"

వాడు మంచినీళ్లు తేవడానికి బయటికి వెళ్లాడు. తొంభై చేయాలని పైకి రాసి పంపాననీ, పరిశీలనలో ఉందనీ శనిగాడు చెప్పాడు. ఆ రోజు ఇంజనీరు అడిగినప్పుడు తను ఏమన్నాడో కూడా చెప్పాడు. అది ఆమెకు ముందే తెలుసు. తల ఊపింది. మూడో పంపు ఎప్పుడు ఆన్ చేస్తారని అడిగాడు. ఎల్లుండి అంది. తరవాత సంచీలోంచి పసుప్పచ్చ టైమరు తీసి బల్ల మీద పెట్టి, అతని పుస్తకం తెచ్చుకున్నాడేమో అడిగింది. తెచ్చుకున్నాడు. జేబులోంచి తీసి, కలం మూత తీశాడు. రాయడానికి ఏమీ తోచక ఆమె వైపు చూశాడు. ఆమె చక్రం వైపు చూసింది, అక్కణ్ణుంచి తలుపు దాకా నేల మీదుగా చూపు నడిపించింది.

"రాసుకో," అంది. "గంట మోగాక చక్రం దగ్గర్నుంచి తలుపు దాకా నాకు తొమ్మిది సెకన్లు. వాడికి పదమూడు. మూడు రోజులు నడిపించి చూశాను, పన్నెండున్నర కంటే తగ్గలేదు. నువ్వు సంతకం పెట్టింది పది. అందుకని ఆపేటప్పుడు నేనూ చక్రం దగ్గరే ఉంటాను. నేను పరిగెత్తను, వాడి చెయ్యి పట్టుకుని నడుస్తాను. ఇద్దరికీ కలిపి ఎంత పడుతుందో ఇంకా కొలవలేదు."